గాలి తుపాకి: రైతు దేనికి కొనవలెను? ఏది కొనవలెను?

మొక్కజొన్న కంకి పాలు పట్టు రోజులలోను, ప్రొద్దుతిరుగుడు పువ్వులో గింజ గట్టిపడు రోజులలోను మండల వ్యవసాయ కార్యాలయమునకు వచ్చు రైతులు ఎరువుల మాటతో పాటు మరొక మాట కూడ అడుగుచుందురు. "అయ్యా, చిలుకలతో వేగలేకపోతున్నాము. మంచి గాలి తుపాకి ఏదో చెప్పండి" అని. కోతులు ఎక్కువగా ఉన్న గ్రామములవారు కోతుల పేరు చెప్పుదురు. కోళ్ళఫారముల వారు, ధాన్యపు గిడ్డంగులు గలవారు ఎలుకల పేరు చెప్పుదురు. అందరూ అడుగునది ఒకే వస్తువు గాని, అందరికి చెప్పవలసిన జవాబు ఒకటి కాదు.

ఏ తుపాకి అని అడుగుటకు ముందు ఏ ప్రాణి మీద అని అడుగవలెను. ఈ సంగతి తేలినచో తుపాకి ఎన్నిక సగము పూర్తియైనట్లే. అసలు కొనవలసిన పనియే లేదని కొందరికి తేలును.

పక్షులు, చిన్న వేట జంతువులు

1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టములో వేట అను మాటకు అర్థము చాల విశాలమైనది. చంపుట ఒక్కటే వేట కాదు. పట్టుట, ఉచ్చు వేయుట, విషము పెట్టుట, గాయపరచుట కూడ వేటయే. పక్షుల విషయములో గ్రుడ్లను, గూళ్ళను పాడుచేయుట కూడ అందులో చేరును. కావున "నేను చంపలేదు, రెక్కకు మాత్రమే తగిలినది" అను సమాధానము చెల్లదు. ఆ భూమి మన సొంత పట్టా భూమి అయినను చట్టము ఒక్కటే.

రామచిలుక, గిజిగాడు, నెమలి, కౌజు, కుందేలు ఇవేవియు గాలి తుపాకికి గురి కారాదు. పూర్వము ఊళ్ళలో కుందేటిని, కౌజును కొట్టుకొని వచ్చుట తప్పుగా ఎంచెడివారు కారు. నేడు అది నేరము. నేరము రుజువైనచో మూడేండ్ల వరకు జైలుగాని, లక్ష రూపాయల వరకు జరిమానాగాని, రెండును గాని పడవచ్చును. నెమలి వంటి మొదటి పట్టికలోని ప్రాణులకు శిక్ష ఇంకను ఎక్కువ. ఇంకొక విశేషము కూడ గమనింపదగినది. ప్రొద్దుతిరుగుడు రైతు మీద పగబట్టినట్లు వచ్చు రామచిలుకనే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2018లో రాష్ట్ర పక్షిగా ప్రకటించినది.

కాకి, ఎలుక, చుంచు, పండ్లు తిను గబ్బిలము అను వాటిని హానికర ప్రాణులుగా పేర్కొనిన అయిదవ పట్టిక ఒకటి చట్టములో ఉండెడిది. 2022 సవరణలో ఆ పట్టిక తీసివేయబడినది. ఆ సవరణ 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్నది. ఇప్పుడు ఏ ప్రాణినైనను హానికరమని ప్రకటింపవలెనన్న కేంద్ర ప్రభుత్వము ప్రత్యేకముగా ప్రకటన చేయవలెను. కావున "కాకిని కొట్టవచ్చును" అను పాత మాటను నమ్మి ఎవరును తుపాకి ఎత్తరాదు.

అడవి పంది సంగతి వేరు. పంటకు నష్టము ఎక్కువగా ఉన్నచోట్ల చట్టము 11వ విభాగము క్రింద అటవీ అధికారి వ్రాతపూర్వకముగా అనుమతి ఇచ్చుటకు వీలున్నది. అయితే ఆ పని గాలి తుపాకితో అయ్యెడిది కాదు. అరగ్రాము సీసపు గుండు పంది తోలులో దిగి పుండు చేయును గాని చంపదు. గాయపడిన పంది మనిషి మీదికి తిరుగును.

కోతికి తగిలినను ఇంతే. అది చావదు. గుండు ఒంటిలో ఉంచుకొని, చీము పట్టి, వారముల తరబడి బాధపడి తిరుగును. 1960 నాటి జంతు హింస నివారణ చట్టము ఇటువంటి పనికి వర్తించును. తుపాకిని చూచి కోతులు పారిపోవునని కొందరు చెప్పుదురు. నిజమే, వెదురు కర్రను చూచినను పారిపోవును. తుపాకికి బదులు కార్బైడు గొట్టములు పేల్చువారు కూడ ఉన్నారు. 2025 అక్టోబరులో దీపావళి దినములలో మధ్యప్రదేశ్‌లో అట్టి గొట్టముల వలన అనేకమంది పిల్లల కండ్లు దెబ్బతిన్న సంగతి పత్రికలలో చదివియేయుందురు.

చిలుకలకు తుపాకి పనిచేయదనుటకు చట్టము అక్కరలేదు, లెక్క చాలును. గుంపులో రెండు మూడు వందల పక్షులు వ్రాలును. తుపాకి ఒక్కొక్క గుండుకు ఒకసారి విరిచి నింపవలసినది. దాని చప్పుడు కూడ చిన్నది, పావుగంటలో గుంపు మరల వచ్చును. దీనికంటె మెరుపు రిబ్బను మేలు. పైరు కంటె అర మీటరు నుండి మీటరు ఎత్తున, ఉత్తర దక్షిణములుగా, అయిదేసి మీటర్ల ఎడముతో, మెలివేసి కట్టినచో ఎండకు మెరయుచు, గాలికి మ్రోగుచు చిలుకలను బెదరించును. గింజ పాలు పట్టునప్పుడే కట్టవలెను. పక్షులు రుచి మరిగిన తరువాత కట్టిన ఫలము తక్కువ. మొక్కజొన్నలో గట్టు వెంబడి మూడు నాలుగు సాళ్ళ కంకులకు ఆ మొక్క ఆకునే చుట్టి ముడివేసిన చాల వరకు కాపాడుకొనవచ్చును. ఊరంతయు ఒకే వారములో విత్తినచో నష్టము ఒకరి మీదనే పడక అందరిలో పంచబడి పలుచనగును.

ఎలుకలు: పొలములో వద్దు, గిడ్డంగిలో తగును

ఇక మిగిలినవి ఎలుకలు, పందికొక్కులు. గాలి తుపాకికి తగిన గురి ఇదొక్కటే. అయినను పొలములో దీనిని నమ్ముకొనరాదు. ఎలుక మూడు వారములు దాటగనే ఈనును, ఒక్కొక్క ఈతకు ఆరు ఎనిమిది పిల్లలను పెట్టును. బొరియలో పగలంతయు దాగి రాత్రి బయటకు వచ్చును. వరిచేనులో రాత్రి కూర్చుండి నాలుగు ఎలుకలను కొట్టినవాడు తెల్లవారి నిద్ర చెడినందుకు తప్ప సంతోషించుటకు కారణము ఉండదు. పొలములో చేయవలసిన పని సామూహికముగా ఎర పెట్టుటయే. సాయంత్రము బొరియలన్నియు మూసి, మరునాడు తెరచియున్న వాటిని గుర్తింపవలెను. 960 గ్రాముల నూకలకు 20 గ్రాముల వంటనూనె పట్టించి, 0.25 శాతము బ్రోమోడయోలోన్ పొడి 20 గ్రాములు కలిపి, 10 నుండి 15 గ్రాముల చొప్పున పొట్లములు కట్టి ఆ బొరియలలో వేయవలెను. ఊరివారందరు ఒకేసారి వేయనిచో ప్రక్క పొలము ఎలుకలు ఖాళీ బొరియలలో చేరును.

గిడ్డంగిలో పరిస్థితి వేరు. తిండిగింజల ప్రక్కన విషపు ఎర ఉంచుట మంచిది కాదు. ఎర తిన్న ఎలుక కొన్ని దినములకు గోడ సందులోనో బస్తాల నడుమనో చచ్చి కంపుకొట్టును. ముదురు పందికొక్కులు బోనుకు చిక్కవు. బోనులు, బుట్టలు పెట్టి, కన్నములు మూసి, ఇంకను మిగిలిపోయిన నాలుగైదింటిని తీయుటకు గాలి తుపాకి నిజముగా అక్కరకు వచ్చును. మొదటి ఆయుధముగా కాక చివరి ఆయుధముగా దానిని తలచువారే కొనవలెను.

ఏ రకము?

మొదట గొట్టపు వ్యాసము. 2016 ఆయుధ నియమముల ప్రకారము వ్యాసము 0.177 అంగుళము, అనగా 4.5 మిల్లీమీటర్లు మించక, గుండు బయలుదేరునప్పటి శక్తి 20 జౌళ్ళు మించక ఉన్న గాలి తుపాకికి లైసెన్సు అవసరము లేదు. ఈ రెండింటిలో ఏది మించినను లైసెన్సు కావలెను. కావున 0.22 వ్యాసముగల తుపాకిని "ఇదియు గాలి తుపాకియే గదా" అని తెచ్చుకొనినచో చిక్కులు వచ్చును. ఎలుకకు 0.177 చాలును. కొనునప్పుడు వ్యాసము, శక్తి వ్రాసియున్న పత్రమును, రసీదును అడిగి తీసుకొని భద్రపరచవలెను. గ్రామాధికారులు కూడ ఎవరైన తుపాకితో కనబడినచో మొదట ఈ రెండు కాగితములను చూచుట మంచిది.

అమ్మకందార్లు తుపాకి వేగమును గొప్పగా చెప్పుదురు. సెకనుకు వేయి అడుగులని పెట్టె మీద అచ్చు వేయుదురు. ఇక్కడ కొంచెము లెక్క వేసుకొనవలెను. వేయి అడుగులనగా దాదాపు 305 మీటర్లు. సాధారణపు సీసపు గుండు బరువు సుమారు అరగ్రాము. బరువును కిలోగ్రాములలో తీసుకొని, వేగమును దానితోనే గుణించి, ఆ రెండింటిని గుణించి సగము చేసిన 23 జౌళ్ళు వచ్చును. అనగా పెట్టె మీది మాట సీసపు గుండుతో నిజమైనచో తుపాకి హద్దు దాటినట్లే. సాధారణముగా ఆ వేగమును తేలిక లోహపు గుండుతో కొలిచి వ్రాయుదురు. 0.35 గ్రాముల గుండుకు అదే వేగమున 16 జౌళ్ళే వచ్చును. ఆ తేలిక గుండు దూరము పోయిన కొలది త్వరగా బలము కోల్పోవును, గురియు చెదరును. సీసపు గుండును 200 నుండి 245 మీటర్ల వేగమున పంపు తుపాకి 10 నుండి 15 జౌళ్ళ శక్తి నిచ్చును. గిడ్డంగి పనికి అది పుష్కలము. ఎక్కువ శక్తి కొనినవాడు ఎక్కువ బరువును, ఎక్కువ అదురును, బిగువైన స్ప్రింగును కూడ కొనినట్లే.

గాలి ఒత్తిడి పుట్టించు విధమును బట్టి రకములు మూడు ముఖ్యమైనవి. గొట్టమును క్రిందికి విరిచినప్పుడు లోపలి స్ప్రింగు ముడుచుకొని, మీట నొక్కగనే పిస్టనును ముందుకు తోసి గాలిని నొక్కునది మొదటి రకము. కార్బన్ డయాక్సైడు సీసాతో నడచునది రెండవది. ఇది మన ఎండలకు తగదు. వేడికి సీసాలో ఒత్తిడి పెరుగును, చలికి తగ్గును, గురి నిలువదు. ముందుగా గాలి నింపి ఉంచుకొనునది మూడవది. దీనిలో అదురు ఉండదు, గురి చక్కగా నిలుచును. కాని ఇందులో ఒత్తిడి 200 బార్ల వరకు ఉండును. కారు టైరులో ఉండునది 2 బార్లు మాత్రమే. ప్రత్యేకపు పంపు కావలెను, రబ్బరు బిళ్ళలు చెడినచో బాగుచేయువారు కావలెను, ఖరీదు కొన్ని రెట్లు ఎక్కువ. నా అభిప్రాయములో రైతునకు స్ప్రింగు రకమే తగినది. పంపు లేదు, సీసా లేదు, చెడినను పట్టణములో బాగుచేయించుకొనవచ్చును.

దుకాణములో తుపాకిని చేతబట్టి నాలుగు సంగతులు చూడవలెను. గొట్టము లోపల మెలికగా గాళ్ళు ఉండవలెను. నున్నని గొట్టము గుండును త్రిప్పదు, గురి దొరకదు. విరిచి మూసిన తరువాత గొట్టమును అటునిటు ఊపిన కదలరాదు. మీటకు అడ్డుగా సేఫ్టీ ఉండవలెను. వెనుక గురి గుర్తు పైకి క్రిందికి, ప్రక్కలకు జరుగునట్లు ఉండవలెను. దూరదర్శిని అద్దము గిడ్డంగి దూరములకు అవసరము లేదు. మీ చేతి బలమునకు సులువుగా విరుగునా అని మూడు నాలుగు సారులు విరిచి చూడుడు. గుండు పెట్టకుండ మాత్రము మీట నొక్కనీయకుడు. గుండు అడ్డు లేనిచో పిస్టను వేగముగా పోయి ముందు గోడకు గుద్దుకొని చెడును.

గుండ్లు కూడ ముఖ్యమే. నడుము సన్నగా, తల గుండ్రముగా ఉన్న సీసపు గుండు ఎలుకకు మేలు. మొనదేలిన గుండ్లు చూపునకు భయంకరముగా ఉండును గాని గురిలో గుండ్రనివాటి కంటె తీసికట్టు. రెండు మూడు రకములు చిన్న డబ్బాలలో కొని పరీక్షించి, మీ తుపాకికి ఏది కుదిరినదో అదే వాడుడు.

వాడు విధము

పది మీటర్ల దూరమున కాగితము పెట్టి అయిదు గుండ్లు వేయుడు. అయిదును రూపాయి నాణెము క్రింద దాగినచో ఆ దూరము మీది. తరువాత పన్నెండు, పదునైదు మీటర్లకు పొండు. అయిదు గుండ్లు నాణెములో నిలువని దూరమున ఎలుక మీద గుండు వేయరాదు. స్ప్రింగు తుపాకిని గోడకో బస్తాకో గట్టిగా ఆనించి కాల్చిన గురి తప్పును. అరచేతిలో వదులుగా ఉంచి కాల్చవలెను. గుండు పెట్టునంత సేపు విరిచిన గొట్టమును రెండవ చేతితో పట్టియే ఉంచవలెను. అది ఒక్కసారిగా మూసుకొనినచో వ్రేళ్ళు నలుగును.

గిడ్డంగిలో ఎలుకల వెంట తిరిగి కాల్చుట తప్పు పద్ధతి. బస్తాలకు దూరముగా ఒక మూల ఇసుక నింపిన రెండు గోనె సంచులను పేర్చి, వాటి ముందు నూకలు మూడు నాలుగు రాత్రులు పోయుడు. ఎలుకలు అక్కడికి అలవాటుపడును. తరువాత ఎర్ర గాజు కాగితము కట్టిన టార్చిలైటుతో కూర్చుండిన, ఎర్ర వెలుగును ఎలుక అంతగా గుర్తింపదు గనుక, నిదానముగా తల మీద గురి పెట్టవచ్చును. తప్పిన గుండు ఇసుకలో దిగును. సిమెంటు గోడకు తగిలిన గుండు తిరిగి కంటికి తగులవచ్చును. ధాన్యపు బస్తాలో దిగిన గుండు తినువారి కంచములోనికి పోవును; సీసము విషము. ఆ కారణము చేతనే కోళ్ళున్న షెడ్డులో కాల్చరాదు. కోడి గుండును రాయి అనుకొని మ్రింగును, సీసము ఒంటికి పట్టును, గ్రుడ్లలోనికి కూడ చేరును.

చచ్చిన ఎలుకను చేతితో ముట్టక పటకారుతో తీసి రెండడుగుల లోతున పూడ్చవలెను. ఎలుక మూత్రము ద్వారా ఎలుక జ్వరము సోకును. బయట పారవేసినచో సీసపు గుండుతో సహా కుక్కయో గ్రద్దయో తినును. ఎలుకలను తినిపెట్టు గుడ్లగూబ కూడ అట్లే చావవచ్చును. గుండ్లు ముట్టిన చేతులు సబ్బుతో కడిగిన తరువాతనే తమలపాకు నోట పెట్టవలెను.

పని ముగిసిన వెంటనే తుపాకిని ఇసుక సంచిలోనికి కాల్చి ఖాళీ చేయవలెను. స్ప్రింగు ముడిచి ఉంచినచో బలహీనపడును. గొట్టమును పలుచని నూనె గుడ్డతో తుడవవచ్చును గాని, గాలి వచ్చు రంధ్రములో నూనె పోయరాదు. లోపల గాలి నొక్కబడి వేడెక్కినప్పుడు ఆ నూనె డీజిల్ ఇంజనులో వలె మండి పేలును, స్ప్రింగు విరుగును. తుపాకిని ఒక గదిలోను, గుండ్ల డబ్బాను వేరొక గదిలోను తాళము వేసి ఉంచవలెను.