గుణకారం ఎవరు చేయాలి?

"సార్, ప్రోగ్రాం మెనూలన్నీ బాగానే ఉన్నాయి. లోపలి పేజీలో మాత్రం 'కర్నూలు' కాస్తా 'కరూలు' అయిపోయింది, ఎందుకు?" అని కడపలో ఒక ఇంజనీరింగ్ విద్యార్థి అడిగాడు. అతని కొత్త ల్యాప్‌టాప్‌లో స్కేలింగ్ 150 శాతం. 'ర' కింద ఉండాల్సిన నవత్తు, అక్షరాలున్న పెట్టె అంచు దగ్గర తెగిపోయింది. ఎంత మంచి ప్రశ్న!

విండోస్ ప్రోగ్రాం లోపలే వెబ్ పేజీ చూపించడానికి మైక్రోసాఫ్ట్ తన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ ఇంజన్ని విడిభాగంగా ఇచ్చింది. అదే వెబ్‌బ్రౌజర్ కంట్రోల్. 1990లలో పుట్టిన ఆ కంట్రోల్, పేజీలో పిక్సెళ్లలో ఇచ్చిన కొలతలను అంగుళానికి 96 పిక్సెళ్ల తెరకన్నట్టే తీసుకుంటుంది.

అక్షరం సైజును పాయింట్లలో ఇస్తే, పాయింటంటే అంగుళంలో 72వ వంతు. 12 పాయింట్ల అక్షరం 96 లెక్కన 16 పిక్సెళ్లు. 150 శాతం స్కేలింగ్‌లో అంగుళానికి 144 కాబట్టి అదే అక్షరం 24 అవుతుంది. పెట్టె ఎత్తు 28 పిక్సెళ్లని పేజీలో రాసి ఉంటే మాత్రం కంట్రోల్ దాన్ని 28గానే ఉంచేస్తుంది. అక్షరం పెరిగింది, పెట్టె పెరగలేదు. ఇంగ్లీషు అక్షరాలు అందులో ఎలాగో సర్దుకుంటాయి. మన వత్తు కిందికి దిగుతుంది కాబట్టి ముందు తెగేది అదే.

విస్టా రోజుల్లో విండోస్ ఒక ఉపాయం పన్నింది. పాత ప్రోగ్రాంకు "నీ తెర 96దే" అని చెప్పి, అది గీసిన బొమ్మను మొత్తంగా సాగదీస్తుంది. ఏదీ తెగదు, అక్షరాలు మసకబారతాయి. "నాకు డీపీఐ (అంగుళానికి ఎన్ని పిక్సెళ్లనే లెక్క) తెలుసు" అని ప్రోగ్రాం ప్రకటిస్తే సాగదీత ఆగుతుంది, మెనూలు చక్కబడతాయి. కానీ ఆ ప్రకటనతో లోపలి కంట్రోల్ పిక్సెల్ కొలతలు మారవు! దానికి విడిగా చెప్పాలి.

ఈ కథలో నాకు ఎంతో ఇష్టమైన చోటు ఇదే. పేజీ చూపించే ముందు కంట్రోల్ 'గెట్‌హోస్ట్‌ఇన్ఫో' ద్వారా తన ప్రోగ్రాంను "ఎలా ఉండమంటావు?" అని అడుగుతుంది. ఆ జవాబులో 'డీపీఐ అవేర్' అనే ఒక్క బిట్ కలిపితే చాలు, పిక్సెల్ కొలతల్నీ 1.5తో గుణిస్తుంది. 28 కాస్తా 42 అవుతుంది, నవత్తు బయటపడుతుంది. ఆ బిట్ పెట్టాక జూమ్ కూడా 150 ఇచ్చారా, పేజీ 2.25 రెట్లు ఉబ్బుతుంది. గుణకారం ఒక్కరే చేయాలి.

తర్వాత ఈ కంట్రోల్‌కు బదులుగా క్రోమియం ఆధారంగా వెబ్‌వ్యూ2 వచ్చింది, 2022 జూన్ 15న విండోస్ 10 చాలా ఎడిషన్లలో ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ 11కు మద్దతు ఆగింది. కొత్త ఇంజన్ ఈ లెక్కను తానే చూసుకుంటుంది. పాత కంట్రోల్‌తో నడిచే ప్రోగ్రాంలు మాత్రం ఇంకా ఉన్నాయి. అలాంటిది మీ చేతిలో ఉంటే 125లోనూ 150లోనూ తెరిచి, 'రాష్ట్రం' అని టైపు చేసి చూడండి. రెండు వత్తులూ పూర్తిగా కనిపించాలి.