వేరుశనగ మొదలును కరిగిస్తున్న తెల్ల బూజు

కదిరి: నిన్న పచ్చగా ఉన్న వేరుశనగ మొక్కలో నేడు ఒక కొమ్మ వాలిపోతుంది. వాన పడితే తేరుకుంటుందిలే అని రైతు సరిపెట్టుకుంటాడు. కొద్ది రోజుల్లో మొక్క అంతా ఎండిపోతుంది. పట్టి పీకితే తీగ చేతికి వస్తుంది, ఊడలు కుళ్ళి కాయలు భూమిలోనే ఉండిపోతాయి. విత్తనానికి, సేద్యానికి తెచ్చిన అప్పు మాత్రం నెత్తిన మిగులుతుంది.

ఇదే మొదలు కుళ్ళు తెగులు. మొక్క మొదట్లో మట్టి తోసి చూస్తే తెల్లటి బూజు దారాలు, వాటి మధ్య ఆవగింజల్లాంటి గుండ్లు కనిపిస్తాయి. దీనికి కారణం స్క్లెరోషియం రోల్ఫ్‌సై అనే శిలీంధ్రం. రోల్ఫ్స్ అనే శాస్త్రజ్ఞుడు 1892లో అమెరికాలోని ఫ్లారిడాలో టమాటా పైరు మీద దీన్ని గమనించినందున ఆయన పేరు వచ్చింది. 500కు పైగా మొక్కజాతులను ఇది ఆశిస్తుంది.

పళ్ళు లేని బూజు గట్టి కాండాన్ని ఎలా తింటుంది? రాతిగోడలో రాళ్ళను మట్టి పట్టి ఉంచినట్లు, మొక్క కణాలను పెక్టిన్ అనే జిగురు పట్టి ఉంచుతుంది. ఆ జిగురుకు బలం కాల్షియం. బూజు ముందుగా ఆక్జాలిక్ ఆమ్లాన్ని వదులుతుంది. చుక్కకూరలోని పులుపు కూడా ఈ ఆమ్లమే. అది కాల్షియంను లాగేసుకుంటుంది. ఆ పులుపులో చురుకుగా పనిచేసే పాలీగాలాక్టురోనేజ్ అనే ఎంజైము జిగురును కరిగిస్తుంది. ఈ రెండూ జోడుగా పనిచేస్తాయని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన బేట్‌మన్, బీర్ 1965లో తెలియజేశారు. దారాలు తాకకముందే కణాలు చచ్చిపోతాయి.

కొమ్మ వాలాక ఆకుల మీద మందు కొడితే అది మొదలుకు చేరదు. కాబట్టి విత్తే ముందే మేలుకోవాలి. వేసవిలో లోతు దుక్కి చేస్తే గుండ్లు గాలి అందని లోతుకు పోతాయి. జొన్న, సజ్జలతో పంట మార్పిడి చేయాలి. కిలో విత్తనానికి 1 గ్రాము టెబుకొనజోల్ పొడి మందు పట్టించాలి. గుంటక తోలేటప్పుడు మొదళ్ళకు మట్టి ఎగదోయరాదు.

ముల్లును ముల్లుతోనే తీయాలన్నట్లు, ట్రైకోడెర్మా అనే మేలుచేసే శిలీంధ్రం కూడా ఎంజైములనే వాడుతుంది. అవి తెగులు బూజు గోడను కరిగిస్తాయి. ఎకరాకు 2 కిలోల ట్రైకోడెర్మాను 90 కిలోల పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండితో కలిపి, నీడన తడి ఆరకుండా మాగబెట్టి, పదును ఉన్నప్పుడు చల్లాలి.

వాలిన కొమ్మ కనబడితే రైతులు ముందు వంగి మొదలు చూడటం మంచిది.