వృద్ధులకే ప్రత్యేక కాలనీ: లాభమెంత? లోటెంత?

మాయాబందర్‌లో ఉన్నవారికి పెద్ద వైద్యం అవసరమైతే 200 కిలోమీటర్లకు పైగా రోడ్డు ప్రయాణం చేసి శ్రీ విజయపురం (పాత పోర్ట్ బ్లెయిర్) చేరుకోవాలి. పిల్లలు దూరంగా స్థిరపడిన ఇక్కడి తల్లిదండ్రులకు కోయంబత్తూరు, హైదరాబాద్ వంటి నగరాల్లోని వృద్ధుల కాలనీలు ఆశ కలిగించడం సహజమే. అమెరికాలో 1960లో మొదలైన సన్ సిటీ ఈ కాలనీలకు ప్రసిద్ధ నమూనా.

వీటిలో జారని నేల, పట్టుకోవడానికి కమ్మీలు, పిలిస్తే పలికే నర్సు, తోటివారి కబుర్లు ఉంటాయి. ఆ కబుర్లూ ఆరోగ్యమే! 148 అధ్యయనాలను కలిపి 2010లో చేసిన విశ్లేషణ ప్రకారం, బలమైన సామాజిక సంబంధాలు ఉన్నవారు జీవించి ఉండే అవకాశం సుమారు 50 శాతం ఎక్కువ.

మరి లోటు? ఖర్చు ఎక్కువ. వయసుతోపాటు రోగనిరోధక శక్తి తగ్గుతుంది కాబట్టి, అందరూ పెద్దవారే ఉన్నచోట ఫ్లూ ప్రవేశిస్తే ముప్పు అందరికీ ఒకేసారి వస్తుంది. స్నేహితుల మరణాలూ తరచుగా చూడాల్సి వస్తుంది. పసిపిల్లల అల్లరి వినిపించదు.

అన్నిటికీ మించి, మాయాబందర్ నుంచి వెళ్లడమంటే సముద్రం దాటడం. ఆసుపత్రి దగ్గరవుతుంది, కానీ నలభై ఏళ్ల ఇరుగుపొరుగు దూరమవుతుంది. ఆరోగ్యానికి రెండూ అవసరమే. అందుకే ఇల్లు అమ్మే ముందు కొన్ని నెలలు అక్కడ అద్దెకు ఉండి చూడటం మేలు.