పెళ్లన్నం పాడావుకు పెడుతున్నారా?

మాఘం వచ్చిందంటే ముద్దనూరు, జమ్మలమడుగు పల్లెల్లో ఒకపక్క పెళ్లిళ్లు, మరోపక్క జొన్న కళ్లాలు. మిగిలిన అన్నం పారబోయడానికి మనసొప్పక బకెట్ల కొద్దీ తెచ్చి కుడితి తొట్టిలో పోస్తాం. లేదా పలుపు తెంపుకున్న ఆవు రాత్రికి రాత్రి కళ్లంలో జొన్నలు మెక్కుతుంది. తెల్లారేసరికి పొట్ట బిగదీసుకుని, నెమరు మానేసి, పుల్లటి వాసనతో పలచగా పేడ వేస్తూ కూలబడుతుంది. ఒకట్రెండు రోజుల్లో ప్రాణమే పోవచ్చు.

ఎందుకిలా? ఆవు పెద్దపొట్టలో (రూమెన్) కంటికి కనపడని సూక్ష్మజీవులు కోటానుకోట్లు ఉంటాయి. చొప్పను, గడ్డిని అరిగించేది అవే. ఆ పీచు పులిసినప్పుడు పుట్టే ఎసిటిక్ ఆమ్లమే పాలలో వెన్నకు ముఖ్యమైన ముడిసరుకు. అన్నం, జొన్నలు ఒక్కసారిగా పడితే వేరే రకం సూక్ష్మజీవులు చెలరేగి లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి. పీచును అరిగించేవి చస్తాయి. ఆమ్లం నెత్తురుకెక్కుతుంది.

అంతదాకా పోకపోయినా, చొప్ప తగ్గించి దాణా దండిగా పెడితే వెన్నశాతం పడిపోతుంది. పాలకేంద్రం వాళ్లను తిట్టే ముందు మన తొట్టి చూసుకోవాలి.

మందులదీ ఇదే కథ. మందుల షాపులో అడిగి తెచ్చిన యాంటీబయాటిక్, సల్ఫా బిళ్లలు నోట్లో వేస్తే రోగక్రిములతోపాటు మేలుచేసే సూక్ష్మజీవులూ చస్తాయి. ఆవు మేత మానేస్తుంది. జబ్బు ముదిరిందనుకుని మనం ఇంకో రెండు బిళ్లలు వేస్తాం! ఇంజక్షనా, బిళ్లా అన్నది డాక్టరే తేల్చాలి.

ఆవు జొన్నలు తిన్నట్టు తెలిస్తే మిగిలిన గింజలు తీసేయండి. నీళ్లు కడుపునిండా తాగనీయకండి. ఎండుగడ్డి వేసి వెంటనే డాక్టరుకు కబురు చేయండి. బరువును బట్టి వంటసోడా పట్టిస్తారు. కిందపడిన ఆవుకు మీరే గొట్టంతో ఏదీ పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. చేయి దాటేలా ఉంటే ప్రొద్దుటూరులో 2008లో మొదలైన పశువైద్య కళాశాల ఉంది. కోలుకునే ఆవుకు ఆరోగ్యంగా ఉన్న పశువు పెద్దపొట్ట రసం పట్టించడమూ ఒక వైద్యమే. పాలకు తోడు వేసినట్టన్నమాట.

దాణా పెంచాలంటే రెండు మూడు రోజులకోసారి పావుకిలో చొప్పున పెంచండి. కొత్త మేతకు పొట్ట అలవాటు పడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. ముందు చొప్ప, వేరుశనగ కట్టె వేసి, ఆ తర్వాతే దాణా పెట్టండి. ఆవు తీరిగ్గా పడుకున్నప్పుడు లెక్కపెట్టండి. నెమరు ముద్దను 50, 60 సార్లు నమిలి మింగుతుంటే పొట్ట బాగున్నట్టే.