పొగ ఎందుకు వెనుదిరుగును?

పొగగొట్టము కట్టించిన తరువాత కూడ వంటింట పొగ నిండుచున్నదని పలువురు గృహిణులు చెప్పుచుందురు. తప్పు కట్టెలదని కొందరు, తాపీమేస్త్రిదని కొందరు అందురు. రెండును కొంత నిజము కావచ్చును. కాని మొదట అడుగవలసిన ప్రశ్న వేరు: పొగ ఎప్పుడు వచ్చుచున్నది? రాజేయునప్పుడా, వంట నడుమనా, తలుపులు మూసినప్పుడా, బయట గాలి వీచినప్పుడా? జ్వరము వచ్చు వేళనుబట్టి వైద్యుడు రోగమును ఊహించునట్లు, పొగ వచ్చు వేళనుబట్టి పొయ్యిలోని లోపమును పట్టవచ్చును.

పొగగొట్టము తానుగా పొగను తోయదు. దానిలోని వేడి వాయువు బయటి గాలికంటె తేలిక గనుక పైకి లేచును. ఆ చోటిలోనికి పొయ్యి నోటినుండి క్రొత్తగాలి చొచ్చును. ఈ లాగుడు ఎంతటిదనుకొన్నారు? గొట్టము 3 మీటర్ల ఎత్తుండి, లోపలి వాయువు 150 డిగ్రీలు, బయటి గాలి 30 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమితో ఉన్నచో, ఆ రెంటి ఒత్తిడిలోని భేదము నీటిని సుమారు ఒక్క మిల్లీమీటరు ఎత్తు నిలుపగలిగినంత మాత్రమే. వంటిల్లంతయు ఈ స్వల్పబలముమీద ఆధారపడి యున్నది. అందుచేతనే చిన్న పగులు గాని, పిడికెడు మసి గాని, సరిగా కూర్చుండని గిన్నె గాని దానిని చెరుపగలదు.

రాజేయునప్పుడు మాత్రమే పొగ వచ్చినచో, గొట్టము చల్లగా నున్నదని గ్రహింపవలెను. గొట్టము మొదట శుభ్రపరచుటకు విడిచిన రంధ్రములో ఎండుకొబ్బరాకు ఒకటి వెలిగించి, దానిని మూసి, పిమ్మట పొయ్యి రాజేసిన చాలును. వంట నడుమ వచ్చినచో గిన్నెలను చూడుడు. రెండవ కన్నుమీది గిన్నెను దింపి కన్నును తెరచి యుంచినచో, గొట్టము ఆ కన్నునుండియే గాలి పీల్చుకొని పొయ్యి నోటిని మరచిపోవును. అట్లే నోటినిండ కట్టెలు కుక్కుటయు పొరపాటే. ఒక కిలో ఎండుకట్టె పూర్తిగా మండుటకు నాలుగైదు ఘనపు మీటర్ల గాలి కావలెను; నోటిలో సగమైనను దానికి దారిగా విడువవలెను.

తలుపులు మూసినప్పుడు వచ్చు పొగ నేటి ఇండ్లలో హెచ్చుగా కనిపించును. గోడకు పంకా అమర్చి, కిటికీలు బిగించి, మూల కట్టెలపొయ్యి ఉంచుకొన్నచో, పంకా లాగు బలము గొట్టము లాగు బలమును సులభముగా మించును. అప్పుడు బయటిగాలి గొట్టముగుండ క్రిందికి దిగి పొగను మోసికొని వచ్చును. కిటికీ తెరచి చూచినచో నిజము తేలిపోవును. ఒక దిక్కునుండి గాలి వీచినప్పుడే పొగ వచ్చినచో, గొట్టము తల ఇంటికప్పు కొప్పుకంటె తక్కువ ఎత్తున ఉన్నదేమో చూడవలెను.

వారముల తరబడి పొగ కొంచెము కొంచెముగ పెరిగినచో అది మసి పనియే. పరీక్షకు అగరువత్తి చాలును. మంట వెలుగుచుండగా నోటి అంచున పట్టినచో దాని పొగ లోనికి వంగవలెను. గొట్టపు అతుకుల వెంబడి నడిపించినప్పుడును వంగినచో, అచ్చట పగులున్నదన్నమాట, బంకమట్టితో పూడ్పవలెను.

శీతలదేశములలో రంపపుపొట్టును గుళికలుగా ఒత్తి కాల్చు పొయ్యిలు కలవు. వానిలో పొగను విద్యుత్పంకా లాగును. అయినను తలుపు అంచునుండు పట్టీ అరిగినను, గుళికలు మండు గిన్నె రంధ్రములు బూడిదతో పూడినను వారికిని ఇవే బాధలు.

హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనశాలలో ఎస్. పి. రాజుగారు ఈ గాలిదారినే శ్రద్ధగా యోచించి పొగగొట్టపు పొయ్యిని రూపొందించిరి. 1953లో ప్రకటించిన తమ చిన్న ఇంగ్లీషు పుస్తకమునకు కోట్ల జనులకు పొగలేని వంటిళ్లు అను అర్థము వచ్చు పేరు పెట్టిరి. ఆ పొయ్యి 'హెర్ల్ చుల్హా' అని ప్రసిద్ధికెక్కినది. తరువాత 1983లో కేంద్రప్రభుత్వము మెరుగుపరచిన పొయ్యిలకై చేపట్టిన జాతీయ కార్యక్రమము 2002 వరకు నడచినది. పొయ్యిలు విరివిగా కట్టిరి గాని, గొట్టము దులుపు పని ఎవరిదో తేలక చాల పొయ్యిలు మూలబడినవి. కట్టుటకంటె కాపాడుట కష్టమని నా అభిప్రాయము.

ఇక వాసనల మాట. క్రొత్తపొయ్యి మొదటి దినములలో తడిమట్టి వాసన వేయుట సహజము. కన్నులు మండించు ఘాటు, కట్టె మండక మ్రగ్గుచున్నదనుటకు గుర్తు. పచ్చికట్టె బరువులో దాదాపు సగము నీరే; దానిని ఆవిరి చేయుటకే వేడిమి వ్యయమై, గొట్టములో తారువంటి జిగట పేరుకొనును. అది ఒకనాడు అంటుకొన్నచో పూరికప్పునకే ముప్పు. వానకాలమున ఆరిన పొయ్యినుండి కమరు వాసన వచ్చినచో, గొట్టమునుండి దిగుచున్న చెమ్మగాలి పాతమసిని తడిపినదని తెలియవలెను.

వాసన లేని వాయువు వీటన్నిటికంటె భయంకరమైనది. గాలి చాలక మండిన నిప్పునుండి కార్బన్ మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగలేదు గదా యని చలిరాత్రి బొగ్గుల కుంపటిని పడకగదిలో ఉంచి తలుపు మూయుట ప్రాణాపాయము. నిప్పు ఉన్న గదిలో ఇద్దరు ముగ్గురికి ఒక్కసారిగా తలనొప్పి, తల తిరుగుట, వాంతి తోచినచో వంటను నిందింపక, వెంటనే తలుపులు తెరచి, అందరును బయటికి వచ్చి వైద్యుని పిలువవలెను.