అరకు మార్గమున వేగపు రైళ్లు: వ్యయమునకు దగిన ఫలమున్నదా?

విశాఖపట్టణమునుండి సికింద్రాబాదునకు 2023 జనవరిలో వందే భారత్ రైలు నడువ నారంభించినది మొదలు, అట్టి వేగపు బండి అరకు కొండలకును రావలెనని మన సభ్యులలో కొందఱు కోరుచున్నారు. కోరిక తప్పు కాదు. కాని దారిని వేగమునకు దగినట్లు మార్చుటకగు వ్యయమును, దానివలన మిగులు కాలమును తూచి చూడవలయును.

ముందొక చిన్న లెక్క. గంటకు 30 కిలోమీటర్ల చొప్పున పోవు బండికి 100 కిలోమీటర్లకు 200 నిమిషములు పట్టును. వేగము 40 చేసినచో 150 నిమిషములు చాలును; 50 నిమిషములు మిగిలినవి. అదే దూరమునకు 130 వేగమున 46 నిమిషములు, 160 వేగమున ముప్పదియేడున్నర. మిగిలినది తొమ్మిది నిమిషములైనను లేదు. ఆ కొంచెమునకై వంపులు సరిచేయవలయును, సిగ్నళ్లు మార్చవలయును, దారి పొడవునను కంచె కట్టవలయును. గాలి యెదిరింపు ఒకటిన్నర రెట్లగును. కావున వడిగల బండిని మఱింత వడి చేయుటకంటె, మెల్లని బండి ఊరక నిలిచిపోకుండ జూచుటయే లాభసాటి బేరము.

మన కొండదారి సంగతి మఱియు చిక్కైనది. కొత్తవలస–కిరండూల్ మార్గమును 1960 దశాబ్దమున వేసినది బైలడిల్లా ఇనుపరాయిని విశాఖ రేవునకు దింపి జపానునకు పంపుటకే గాని, మనుష్యుల ప్రయాణమునకై కాదు. దీనిపై 58 సొరంగములున్నవి. శిమిలిగూడ స్టేషను సముద్రమట్టమునకు సుమారు 996 మీటర్ల యెత్తున నున్నది. వంపులందు బండి వెలుపలికి ఒరగకుండ వెలుపలి పట్టాను లోపలిదానికంటె ఎత్తుగా వేయుదురు. వేగము హెచ్చిన కొలది ఆ యెత్తును హెచ్చింపవలయును. అట్లు హెచ్చించినచో, మెల్లగా దిగు ఖనిజపు బండి బరువు లోపలి పట్టాపై మిక్కిలిగా బడి దానిని అరుగదీయును. పరువెత్తు కోడెను, బరువులాగు దున్నను ఒకే కాడికి కట్టినట్లే. వంపులు తగ్గింపవలెనన్న క్రొత్త సొరంగములు త్రవ్వవలయును. ఆ ఖర్చు మాట చెప్పనేల?

కొత్తవలస–కోరాపుట్ నడుమ సాగుచున్న రెండవ లైను పనిని మాత్రము మేము మెచ్చుచున్నాము. ఉదయము విశాఖలో నెక్కినవాడు అరకు చేరుసరికి సుమారు నాలుగు గంటలగును. ఒంటిదారిపై ఎదురుబండికై నిలుచు కాలము తగ్గినచో, వేగము పెంచకయే ప్రయాణము తగ్గును.

ఇక ముంచింగిపుట్టు రైతు మాట. మనకు రైలే లేదు. కాఫీ, మిరియము, పసుపు, రాజ్మా గంట ముందు చేరినంతమాత్రమున ధర పెరుగదు. పచ్చి కూరగాయలు వాడునది రైలులో గాదు. గూడెమునుండి బాటకు కావడిపై మోయునప్పుడును, జీపుకై చెట్టుక్రింద కాచుకొనునప్పుడును. తెల్లవాఱుజామున బయలుదేరిన తట్టలు ఎండ ముదిరిన పిదప సంతకు చేరుట మేమెన్నిమాఱులో చూచితిమి.

కావున అర్జీ పెట్టదలచినచో, వేగపు బండిని గాక, గూడెములకు బాటలను, అరకు స్టేషనున సరకు దింపుకొను షెడ్డును, పాసెంజరు బండి సరకుపెట్టెలో మన తట్టలకు చోటును అడుగుదము. మీ గూడెమునుండి బాటకెంత దూరమో, సంతనాడు ఎన్ని తట్టలు దిగునో వ్రాసి తెచ్చిన యెడల అర్జీలో చేర్చెదము.