పరిచయముల వల: విద్యాలయములలో స్త్రీలు

చీరాలకు చేరువనున్న వాడరేవుకు వేకువజామున పోయి చూచినవారికి ఒక సంగతి బోధపడును. సముద్రము మీదికి వేటకు పోవువారు పురుషులు. పడవలు ఒడ్డు చేరిన పిమ్మట చేపలను తట్టల కెత్తుకొని అమ్మకమునకు బయలుదేరువారిలో స్త్రీలు అధికము. ఏ చేపకు ఏ ఊర ఏ ధర పలుకునో, ఎవరికి అరువీయవచ్చునో వారికి తెలియును. ఆ తెలివి బడిలో నేర్చినది కాదు. రేవులో, సంతలో, దారిలో పదిమందితో మాటలాడుట వలన వచ్చినది. మాట తిరుగుచోట వారుందురు. కావున వ్యాపారము వారి చేతిలో నుండును.

ఇదే కొలతతో మన విశ్వవిద్యాలయములను చూతము. 2021-22 నాటి ప్రభుత్వ సర్వేక్షణ ప్రకారము దేశములోని ఉన్నత విద్యాసంస్థల అధ్యాపకులలో స్త్రీలు నూటికి 43 మందికి పైగా నున్నారు. ఈ తీరమున పుట్టిన ఆడపిల్ల చదువుకొని, బాపట్ల వ్యవసాయ కళాశాలలోనో, గుంటూరు విజయవాడల నడుమ 1976లో నెలకొన్న నాగార్జున విశ్వవిద్యాలయములోనో అధ్యాపకురాలగుట నేడు వింత కాదు. మరి ఉద్యోగము చేతికి వచ్చిన పిమ్మట ఏమగుచున్నది?

ఉద్యోగమునకు రెండు పార్శ్వములున్నవి. అర్హత, నియామకము, జీతము కాగితము మీద నుండును. అందు స్త్రీపురుష భేదము లేదు. రెండవది పరిచయము. పరీక్షకులుగా ఎవరిని పిలుతురు, సదస్సునకు ఎవరి పేరు పంపుదురు, ఏ పరిశోధనకు ధనము రానున్నది అను సంగతులు ఉత్తరువుగా వెలువడుటకు ముందే మాటగా తిరుగును. ఉద్యోగములను గూర్చిన వార్తలు ఆప్తమిత్రులకంటె అంతంతమాత్రపు పరిచయస్థుల ద్వారా అధికముగా చేరుచుండునని అమెరికా సామాజిక శాస్త్రజ్ఞుడు మార్క్ గ్రానొవెట్టర్ 1973లో ప్రకటించిన వ్యాసమున వివరించెను. మన అధ్యాపకురాండ్రకు ఆప్తులకు కొదువ లేదు. కొదువ అంతంతమాత్రపు పరిచయములకే.

అందులకు కారణము దూరమున లేదు. సాయంకాలము గంట మ్రోగగానే పురుషులు టీ దుకాణమువద్ద చేరుదురు. స్త్రీలు బస్సునకై పరుగెత్తుదురు. ఇంటివద్ద పిల్లలు, పెద్దలు, వంట. వారిని పొమ్మన్నవారు లేరు, ఉండుడన్నవారును లేరు. ఉన్నచో నలుగురు ఏమనుకొందురో యను సంకోచమొకటి. ఆ సంకోచము పురుషునకును కలదు. పరిశోధనలో ఒక యువకునకు సాయపడుటకు జంకని పెద్దలు యువతి విషయమున వెనుకాడుదురు.

దీనికి మన మర్యాద ఒక ఉపాయము కనిపెట్టినది. అది వరుస కలుపుట. ‘అన్నయ్యగారూ’ అని ఆమె, ‘అమ్మా’, ‘చెల్లెమ్మా’ అని ఆయన పిలుచుకొన్నచో శంక తొలగి మాట సాగును. ఇది మేలే. కాని చెల్లెలిని కాపాడవలెనని తోచునేగాని ఆమెతో సమానముగా వాదింపవలెనని తోచదు. దూరప్రయాణపు పని వచ్చినపుడు ‘పాపము, ఆమెకెందుకు శ్రమ’ యని మరియొకరికి ఒప్పగింతురు. ఆమెను అడుగరు. దయతో చేసిన ఆ పనియే పది సంవత్సరములకు పదోన్నతిలో వ్యత్యాసమై కనిపించును.

ఈ కథ క్రొత్తది కాదు. 1930 దశకములో దుర్గాబాయి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో చేరగోరినపుడు అడ్డువచ్చినది ఆమె యోగ్యత కాదు. స్త్రీలకు వసతిగృహము లేకపోవుట. తోటి విద్యార్థినులను కూడగట్టి ఆ వసతిని ఆమెయే ఏర్పరచుకొనెను. 1940 దశకములో బెంగళూరున రామన్ ప్రయోగశాలలో అన్నా మణి వజ్రములపై పరిశోధన సాగించెను. పని చేయుటకు పరికరములుండెను; కాని అచ్చట స్త్రీపురుషులు కలసి ముచ్చటించు ఆచారము లేనందున సహచరుల శాస్త్రచర్చలు ఆమెకు దూరమయ్యెను. ఎమ్మెస్సీ పట్టము లేదను కారణమున మద్రాసు విశ్వవిద్యాలయము ఆమెకు డాక్టరేటు నీయలేదు.

మమ్ము మేము మినహాయించుకొనజాలము. ప్రసంగకర్తల పేర్లు సూచింపవలసినపుడు మా నోట ముందుగా వచ్చునవి సాయంకాలములందు మేము కలిసికొను మిత్రుల పేర్లే. ఒకనాడు ఏడాది పట్టికను ముందుంచుకొని లెక్కించినపుడుగాని అందు స్త్రీల పేర్లు ఎంత తక్కువయో మాకు తెలియలేదు. ఎవరిని కాదనవలెనని మేము తలపలేదు. తలపకయే కాదంటిమి.

కావున చేయదగిన పనులు చిన్నవే. నిర్ణయములకు సంబంధించిన మాటలు పనివేళలో, అందరు నున్నచోట జరుగవలెను. పరీక్షల పనులు, సదస్సులు, పరిశోధన ధనము రాకముందే ప్రకటన పలకపై కనిపించవలెను. ప్రయాణము కష్టమో కాదో ఆమెనే అడుగవలెను. విద్యాలయ ప్రాంగణమున పసిపిల్లలకొక గది యుండవలెను. ఇంటిపనిలో పురుషుడు పాలుపంచుకొన్నచో సాయంకాలపు బస్సుకై ఆమె పరుగు కొంత తగ్గును.

రేపు మీ శాఖలో ఒక పనికి ఎవరి పేరైనను ప్రతిపాదించునపుడు ఒక్క నిమిషము ఆగి, ఈ సంగతి ఇంకను ఎవరి చెవిని పడలేదో విచారింపుడు. పిదప వారికి చెప్పి, వారి సమాధానము విన్న తరువాతనే పేరు వ్రాయుడు.